బురదబాటలో ట్రాక్షన్ కంట్రోల్: కొత్తగా తారు రోడ్డు దిగేవారికి చిట్కాలు

భిలాయిలో స్మృతి నగర్ నుంచి జున్వానీ దాటి కాస్త ముందుకు వెళ్తే చాలు, కొత్త లేఔట్ల మట్టిరోడ్లు, వాటి వెనక వరిపొలాల మధ్య డొంకలు మొదలవుతాయి. సెలవుల్లో ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటీ, జగ్‌దల్‌పూర్, కొరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం, శ్రీకాకుళం వైపు సొంతూళ్లకు వెళ్లే మన భిలాయి తెలుగు కుటుంబాలకైతే ఊరి చివర పొలంబాట ఎలాగూ తప్పదు. బండి కొనేటప్పుడు ‘ట్రాక్షన్ కంట్రోల్ ఉంది’ అన్న మాట విని, ఇక ఎక్కడికైనా వెళ్లిపోవచ్చన్న ధైర్యంతో బురదలోకి దించేసేవాళ్లు చాలామంది. కానీ నేలకూ టైరుకూ మధ్య ఉన్న పట్టును మాత్రమే ట్రాక్షన్ కంట్రోల్ సర్దుతుంది. లేని పట్టును ఎక్కడినుంచీ తేలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని కింది చిట్కాలు చదవండి.

1. మీ బండిని ఏ చక్రాలు లాగుతున్నాయో ముందు తెలుసుకోండి.
స్విఫ్ట్, బ్రెజా, నెక్సాన్, క్రెటా లాంటి ఇంటి కార్లను ముందు చక్రాలు లాగుతాయి. బొలెరోను వెనక చక్రాలు తోస్తాయి. థార్ అని పేరుంటే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) అనుకోవద్దు. 2023 నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు. ఇంజన్ బలం అందే చక్రాల మీదే ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తుంది కాబట్టి, రెండు చక్రాలే లాగే బండిలో అది ఎంత గొప్పగా పనిచేసినా మిగతా రెండు చక్రాలూ వెంట దొర్లడమే తప్ప సాయం చేయవు.

2. ట్రాక్షన్ కంట్రోల్ చేసే పనులు రెండే. ఆ రెండింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోండి.
ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సరు ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడటానికి ఆ సెన్సరు పుట్టింది. 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో ఈ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. అదే సెన్సరు లెక్కతో ట్రాక్షన్ కంట్రోల్ దీనికి తిరగేసిన పని చేస్తుంది. ఒక చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరుగుతోందంటే అది జారుతోందని అర్థం. అప్పుడు మొదటి పనిగా మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ బలాన్ని తగ్గిస్తుంది. రెండో పనిగా జారుతున్న ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. తడి తారు మీద మొదటి పని ప్రాణాలు కాపాడుతుంది. ఆఫ్‌రోడ్‌లో మనకు అక్కరకొచ్చేది ఎక్కువగా రెండోది. మొదటిది చాలాసార్లు అడ్డం పడుతుంది. కొత్తవారి గందరగోళమంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడంలో ఉంది.
ఏబీఎస్ ఉన్న ప్రతి బండిలోనూ ట్రాక్షన్ కంట్రోల్ ఉండదు. మీ బండి సంగతి ఓనర్స్ మాన్యువల్లో చూసుకోండి.

3. డిఫరెన్షియల్ సంగతి అర్థం చేసుకోండి. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి.
మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి. అందుకే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. అది రెండు వైపులకూ సమానంగా బలం పంచుతుంది. చిక్కంతా ఆ సమానంతోనే. ఒక చక్రం బురదలో ఉండి పదో వంతు బలాన్ని మాత్రమే నేలకు అందించగలిగితే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అదే పదో వంతు అందుతుంది. జోడెడ్లలో ఒకదానికి కాలు ఆనకపోతే రెండోది ఎంత బలమైనదైనా బండి కదలనట్టే. అలాంటప్పుడు జారే చక్రానికి ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకు వేస్తే, ఇంజన్ ఆ బ్రేకుకు ఎదురుగా గట్టిగా తోయాల్సి వస్తుంది. అంత బలమూ గట్టి నేల మీదున్న చక్రానికి కూడా చేరుతుంది. దాంతో బండి కదులుతుంది.
2023లో వచ్చిన జిమ్నీలో డిఫరెన్షియల్ లాక్ లేదు. అది ఈ బ్రేకు పద్ధతి మీదే ఆధారపడుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా మనమే వేసుకునే లాకులు ఉన్నాయి. లాకు వేస్తే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, బ్రేకులతో పని లేదు. కొత్తవారికి బ్రేకు పద్ధతే మేలని నా అభిప్రాయం. లాకు వేసి గట్టి నేల మీద స్టీరింగ్ తిప్పితే బండి మాట వినదు, ఇరుసు మీద భారం పడుతుంది.

4. పసుపు దీపాన్ని చదవడం నేర్చుకోండి.
డ్యాష్‌బోర్డులో కారు బొమ్మ, దాని వెనక వంకర టింకర గీతలు ఉండే దీపం ఇది. అది మినుకుమినుకుమంటే ఆ క్షణాన సిస్టమ్ పనిలో ఉందని అర్థం. భయపడి కాలు తీసేయకండి. కింద ‘ఆఫ్’ అని ఉండి నిలకడగా వెలిగితే మీరే దాన్ని ఆపారు. మీరు ఏ బటనూ నొక్కకుండానే నిలకడగా వెలుగుతూ, పక్కన ఏబీఎస్ దీపం కూడా తోడైతే లోపం ఉన్నట్టు. బురదబాటలో అలా జరిగితే చక్రం దగ్గరి సెన్సరుకు మట్టి పట్టిందేమో ముందు చూడండి.

5. బండి కన్నా ముందు మట్టిని చూడండి.
ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్. ఆఫ్‌రోడ్ నేర్చుకునేవారికి ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఇంకెక్కడా దొరకదు. మెరక మీద ఉండేది భాఠా. ఎర్రటి గులకమట్టి, మన మొరం లాంటిది. వాన వెలిసిన కాసేపటికే నీరు దిగిపోతుంది. ఇక్కడ ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆన్‌లోనే ఉంచి నిదానంగా పోవచ్చు. కొంచెం కిందికి దిగితే పసుపు ఛాయలో మటాసీ. వాన పడినప్పుడు పైపొర జారుతుంది, కానీ కింద గట్టిగానే ఉంటుంది, ఎండ వస్తే త్వరగా ఆరుతుంది. దానికీ కన్హార్‌కూ మధ్యస్థం డోర్సా. అన్నింటికన్నా పల్లంలో, నాలాల పక్కన ఉండేది కన్హార్. మన నల్లరేగడే అది.
తడిసిన కన్హార్‌లో జరిగేది దగ్గరగా చూడండి. చక్రం రెండు మూడు చుట్లు తిరిగేసరికి టైరు గాళ్లన్నీ బంకమట్టితో పూడిపోతాయి. ఇక అది గాళ్లున్న టైరు కాదు, నున్నటి మట్టిచక్రం. ఇంకాస్త ముందుకెళ్తే మడ్‌గార్డు లోపల కూడా మట్టి కూరుకుపోయి చక్రాన్ని ఒరుస్తుంది. నాలుగు చక్రాలూ అలా జారుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ దేనికి బ్రేకు వేసి దేనికి బలం పంపుతుంది? పంపడానికి పట్టున్న చక్రమే లేదు. వాన వెలిశాక ఒకటి రెండు రోజులు గట్టిగా ఎండ కాసేదాకా ఆ బాటలో దిగకపోవడమే మంచిది.
అందుకే ఇక్కడి నేల మీద ఒక సూత్రం పనిచేస్తుంది. మెరక నుంచి పల్లానికి దిగుతున్నకొద్దీ మట్టి బంకగా మారుతుంది. బాట మొదట్లో బండి హాయిగా పోయిందని ముందంతా అలాగే ఉంటుందనుకోకండి. అనుమానం వస్తే దిగి గుప్పెడు తడిమట్టి తీసుకుని, ఉండ చేసి, బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కి సాగదీయండి. పట్టీలా పొడుగ్గా సాగితే బంక ఎక్కువ. సాగకుండా విరిగి రాలిపోతే ఇసుక, గులక పాలు ఎక్కువ.

6. ట్రాక్షన్ కంట్రోల్‌ను ఎప్పుడు ఆపాలి?
లోతైన బురద, వదులు ఇసుక. ఈ రెండు చోట్లే. వాటిలో బండిని గట్టెక్కించేది ఆగని కదలిక. చక్రాలు కొంత జారినా సరే, తిరుగుతూనే ఉండాలి, గాళ్లలోని మట్టిని విసిరేస్తూ ముందుకు లాగాలి. ఆ జారుడును చూసి సిస్టమ్ ఇంజన్ బలం కోసేస్తే బండి నడిమధ్యలో నీరసించి నిలబడిపోతుంది. శివనాథ్ నది ఒడ్డున ఇసుకలో అడుగుపెట్టాల్సి వచ్చినా ఇదే పద్ధతి. అయితే నది ఇసుకలో తవ్వకాల గుంతలు ఉంటాయి, పైన నీరు నిలిచి లోతు తెలియనివ్వవు. తెలియని రేవులో దిగనే వద్దు.
ఆపేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. చాలా బళ్లలో బటన్‌ను ఒక్కసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే, మలుపుల్లో బండి పక్కకు ఈడ్చుకుపోకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోతుంది. బురద దాటగానే మళ్లీ ఆన్ చేయండి. తడిసిన కేశ్‌కాల్ ఘాటీ మలుపుల్లో ఆ కాపు లేకుండా కుటుంబంతో దిగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలా బళ్లలో అది తిరిగి ఆన్‌లోకి వస్తుంది. దాని మీద ఆధారపడకుండా దీపం చూసి నిర్ధారించుకోండి.

7. ఎప్పుడు ఆపకూడదు?
రాళ్ల మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎగుడుదిగుడు గుంతల్లో ఒక చక్రం గాలిలో తేలేటప్పుడు. బ్రేకు వేసే రెండో పని ఇక్కడ బంగారం.
ఐమూలగా రెండు గుంతలున్న బాట ఊహించుకోండి. ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ ఆనీ ఆననట్టు వేలాడుతున్నాయి. యాక్సిలరేటర్ నొక్కితే ఫోర్ బై ఫోర్ బండిలో అవి రెండే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. కొత్తవారు చాలామంది అక్కడే కాలు తీసేస్తారు, లేదా కంగారుగా పూర్తిగా తొక్కేస్తారు. రెండూ వద్దు. 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర కాలిని కదపకుండా ఉంచండి. చక్రం జారితేనే సిస్టమ్‌కు సంగతి తెలుస్తుంది కాబట్టి దానికి ఒకటి రెండు సెకన్ల టైమ్ ఇవ్వాలి. కింద నుంచి టక్‌టక్, గర్‌గర్ అని బ్రేకు పట్టి వదిలే చప్పుడు వినిపిస్తుంది. బండి ఏదో విరిగిపోతున్నట్టుగా వణుకుతుంది. దీపం మినుకుమంటుంది. అప్పుడు మెల్లగా ముక్కు ఎత్తుకుని బండి గుంతలోంచి బయటికి వస్తుంది. ఆ చప్పుడుకు చెవి అలవాటు పడితే సగం విద్య వచ్చినట్టే.
అదే పనిగా ఇలా చేస్తే బ్రేకులు వేడెక్కి, సిస్టమ్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. కాలిన వాసన వచ్చినా, దీపం నిలకడగా వెలిగినా బండిని సమతలంలో ఆపి పావుగంట చల్లారనివ్వండి.

8. టైరు గాలి తగ్గించడం ఏ బటన్ కన్నా మేలైన సాయం.
గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాళ్లను విదిలించకుండా వాటి చుట్టూ ఒదుగుతుంది. రోడ్డు మీద 30–33 పీఎస్‌ఐ ఉండే బండికి మొరం, రాళ్ల బాట మీద 25 చాలు. వదులు ఇసుకలో ఫోర్ బై ఫోర్ టైర్లను 18 దాకా దించవచ్చు. మామూలు కార్ల పలచటి టైర్లను అంత దించకండి, 22 దగ్గర ఆగండి. గాలి తక్కువున్నప్పుడు వేగంగా తిప్పితే ట్యూబ్‌లెస్ టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గంటకు 30 కి.మీ. మించవద్దు. గాలి కొలిచే గేజి, 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉంటేనే గాలి తీయండి. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి కదా.

9. ఫోర్ హై, ఫోర్ లో.
ఫోర్ బై ఫోర్ ఉంటే బురద మొదలవకముందే వేసుకోండి, దిగబడ్డాక కాదు. జారుడు బాటలో కాస్త వేగంగా పోవాలంటే ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకూ మామూలు గేర్ల బలం. నిటారైన ఎక్కుడు, రాళ్లు, లోతైన ఊబి ఉంటే ఫోర్ లో, అంటే వేగం తగ్గించి బలం పెంచే గేర్లు. థార్, జిమ్నీ లాంటి బళ్లలో పొడి తారు మీద ఫోర్ బై ఫోర్ వేసి నడపకూడదు. ముందు వెనక ఇరుసులు ఒకే వేగానికి కట్టుబడి, మలుపులో ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి.

10. దిగి నడిచి చూడండి.
ట్రాక్టరు గాళ్లు లోతుగా ఉంటే వాటిలో దిగకుండా, ఒక చక్రాన్ని నడిమి గట్టు మీద, ఇంకోదాన్ని పక్క అంచు మీద పెట్టి పోవాలి. బండి పొట్ట గట్టుకు ఆనుకుని చక్రాలు వేలాడాయంటే ఏ ట్రాక్షన్ కంట్రోలూ ఏమీ చేయలేదు. చప్టా మీద నీరు పారుతుంటే ఆగిపోండి. ఇక్కడ రపటా అంటారు, వానాకాలంలో పైనెక్కడో కురిసిన వానకు నిమిషాల్లో పొంగుతుంది. మోకాలి లోతు పారే నీరు కారును పక్కకు నెట్టేయగలదు. నిలవ నీరైతే కర్రతో లోతు చూసి, అడుగున గట్టిగా ఉందని తేలాకే దిగండి.
వరి ఉన్న పొలంలోకి, గట్ల మీదికి బండి ఎక్కించకండి. అది ఒకరి తిండి. అటవీ శాఖ గేట్లు, గనుల బాటలు కూడా అనుమతి లేకుండా వద్దు.

11. దిగబడితే మొదటి పని ఇంజన్ మోగించడం కాదు, ఆగడం.
చక్రం ఒకేచోట తిరుగుతుంటే అది బండిని లోతుకు తవ్వుతోంది. స్టీరింగ్‌ను నిటారుగా పెట్టి, వచ్చిన గాడిలోనే రివర్సులో మెల్లగా వెనక్కి రండి. రాకపోతే దిగి చక్రాల ముందు మట్టిని పారతో వాలుగా తీసేయండి. చక్రం కింద గోనెసంచులు, చెక్కముక్కలు, మొరం, చిన్న రాళ్లు వేయండి. ఎండుగడ్డి, ఊక మాత్రం వేయకండి. వేడెక్కిన సైలెన్సరు కింద అవి అంటుకుంటాయి. చెక్క పెట్టిన చక్రం వెనక ఎవరినీ నిలబడనివ్వకండి, తిరిగే చక్రం కింది చెక్క తూటాలా వస్తుంది.
రైతు ట్రాక్టరుతో లాగిస్తుంటే తాడును బంపరుకో, సస్పెన్షన్ రాడ్డుకో కట్టకండి, టో హుక్‌కే కట్టాలి. తాడు మధ్యలో తడిపిన దుప్పటి వేస్తే, తెగినా ఎగిరి కొట్టే జోరు తగ్గుతుంది. పిల్లల్ని తాడు పొడవుకు రెండింతల దూరంలో ఉంచండి. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లని కూడా.

12. దిగుడులో బ్రేకు మీద నిలబడకండి.
హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంటే ఆన్ చేసి పెడల్స్ మీద నుంచి కాళ్లు తీసేయండి, అదే ఒక్కో చక్రానికి బ్రేకు వేసుకుంటూ దించుతుంది. లేకపోతే మొదటి గేరు, ఫోర్ బై ఫోర్ అయితే ఫోర్ లో. క్లచ్ తొక్కకండి. బండి ఒక పక్కకు జారడం మొదలైతే జారే వైపుకే స్టీరింగ్ తిప్పి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. బ్రేకు తొక్కితే అడ్డం తిరుగుతుంది.

13. సాధన చేయడానికి బురదే అక్కర్లేదు.
ఖాళీ మైదానం, సగం గట్టి నేల, సగం తడిసిన గడ్డి ఉంటే చాలు. ఎడమ చక్రాలు గడ్డి మీద, కుడి చక్రాలు గట్టి నేల మీద పెట్టి, ఆపిన చోట నుంచి కాస్త బలంగా కదిలించండి. దీపం మినుకుమనడం, పెడల్ నొక్కినా ఇంజన్ పెరగకపోవడం గమనించండి. తరవాత బటన్ నొక్కి సిస్టమ్‌ను ఆపి అదే చేయండి. తేడా కాలికి తెలుస్తుంది. పక్కన ఒకరు అద్దం దించుకుని కూర్చుని చక్రాల చప్పుడు చెబుతుంటే ఇంకా మంచిది. పిల్లలు ఆడుకునే మైదానమైతే వాళ్లు లేని టైమ్‌లోనే.

14. ఒంటరిగా వెళ్లకండి.
ఇంకో బండి, లేదా కనీసం దగ్గరి ఊళ్లో ట్రాక్టరున్న మనిషి ఫోన్ నంబరు. వెళ్లే బాట ఇంట్లో చెప్పి వెళ్లండి. అడవి బాటల్లో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

15. ఇంటికొచ్చాక.
చక్రాల లోపలి వైపు, సెన్సరు దగ్గర, బ్రేకు డిస్కుల మీద అంటిన మట్టిని ఆరకముందే పైపు నీళ్లతో కడగండి. కన్హార్ ఎండితే రాయిలా బిగుస్తుంది, రిమ్ముకు ఒక పక్క పట్టి హైవే మీద స్టీరింగ్ వణికిస్తుంది. ప్రెజర్ వాషర్ అయితే సెన్సరు తీగ మీదికి నేరుగా కొట్టకండి. గాలిని డోరు పక్క స్టిక్కరు మీదున్న అంకెకు నింపండి. కాలనీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు మెత్తగా బ్రేకు నొక్కి డిస్కుల తడి ఆర్చండి. దీపాలన్నీ ఆరాయో లేదో చూసి, ఏబీఎస్ దీపం మర్నాటికీ వెలుగుతూనే ఉంటే మెకానిక్‌కు చూపించండి.